మూత మీద రాయి

రొయ్యలు మోసిన తెల్ల థర్మాకోల్ పెట్టె అది.
జువ్వలదిన్నెలో మస్తాన్‌వలి ఇచ్చాడు.
మూడుసార్లు సబ్బేసి కడిగినా
సముద్రం ఇంకా ఒక మూల కూర్చునే ఉంది.

"దిమ్మని పగలగొట్టబాకండి," అన్నాడు
ఇరవై ఏళ్లు ఐసు ఫ్యాక్టరీలో
వేళ్లు తిమ్మిరెక్కించుకున్నోడు.
"ముక్కలకి తొందరెక్కువ.
దిమ్మకి ఓపిక.
గోనెపట్టా చుట్టి, సందుల్లో ఊక కూరండి,
గాలికి కూర్చునే చోటు ఇవ్వబాకండి.
సోడాలు ముందురోజే చల్లబెట్టండి.
వేడి సీసాని లోపల పెడితే
దొంగని కాపలా పెట్టినట్టే."

జయరావు సైన్సు మాస్టారు, ఊరుకుంటాడా,
ఇస్కపల్లి ఉప్పు గుప్పెడు వేస్తే
ఇంకా చల్లబడుద్ది కదా అన్నాడు.
"చల్లబడుద్ది సారూ.
తొందరగా పోద్ది కూడా."

కరిగిన నీళ్లు పారబొయ్యొద్దంట,
అవి కూడా ఐసుకి చుట్టాలేనంట.
బండి స్టార్టయ్యాక వెనకనుంచి అరిచాడు:
"అన్నిటికంటే ముందు,
మూత తియ్యబాకండబ్బయా!"

కావలి దాటి ఉదయగిరి దాకా
పెట్టె నా ఒళ్లోనే.
గతుకు వచ్చినప్పుడల్లా
గోలీలు సీసాల్లో గొణుక్కున్నాయి.
చొక్కా పొట్ట దగ్గర చల్లగా,
వీపు మీద మార్చి నెల ఎండ.

దుర్గం ఎక్కేటప్పుడు మోత వంతులేసుకున్నాం.
నరసింహులు తన వంతు అయిపోయినా
"ఉండనీ, నేనే తెస్తా" అన్నాడు.
ఇంట్లో గ్యాసుబండ కూడా దొర్లించని మనిషి.

కూలిన గోడ నీడలో గుడారం వేశాం.
మేకులు దిగలేదు, రాళ్లకి కట్టాం.
వాడు పెట్టె మూత మీద ఒక రాయి పెట్టి
పక్కనే బాసింపట్టు వేసుకున్నాడు.
"గంటకి ఒక్కసారే తీస్తా.
ఎవురికి మజ్జిగో, ఎవురికి సోడానో
ముందే చెప్పండి."
ఆర్టీసీ కండక్టరు మాదిరి
చిల్లర లేదన్న మొహం.

"లోపలేమన్నా మీ ఆవిడ గొలుసుండాదా?"
నవ్వాం.
వాడూ నవ్వాడు, రవ్వంత ఆలస్యంగా.

ఆ రాత్రి
గాలి గుడారాన్ని తట్టి లేపింది.
బయట, నోట్లో సెల్లు టార్చి కరుచుకుని
నరసింహులు రాయిని
పసిబిడ్డని దించినట్టు దించాడు.
మూత బెత్తెడు లేచి,
ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి,
మళ్లీ పడింది.
చేతిలో
కూతురి స్కూలు సాక్సులో చుట్టిన స్టీలు డబ్బా.
ఐసు తగలకుండా, ఎండ తగలకుండా
ఊక మధ్యలో దాచిన పెన్ను.
చొక్కా ఎత్తాడు. పొట్ట చిటికెడు పట్టుకున్నాడు.
టక్, టక్, అంకెలు తిప్పిన చప్పుడు.
పది లెక్కపెట్టినట్టు పెదాలు కదిలాయి.

ఒకే స్టాఫు రూము. తొమ్మిదేళ్లు.
వాడి టీలో చక్కెర నేనే వేసేవాణ్ని.
వద్దని ఒక్కసారీ అనలేదు,
కప్పు అడుగున ఎప్పుడూ సగం మిగిలేది.

నేను కళ్లు మూసుకున్నా.
నిద్ర నటించడం ఇంత కష్టమని
ఆ కొండ మీదే తెలిసింది.

పొద్దున ఎనిమిదింటికే రాయి కాలింది.
జయరావు సోడా కోసం చెయ్యి చాపాడు.
"మూత తియ్యబాకరా!"
అరిచింది నేను.
నరసింహులు నా వంక చూశాడు.
చూసి, రాయిని పెట్టె మధ్యకి జరిపాడు.
అంతే. దాన్ని గురించి మాట్లాడుకోలేదు.
ఇప్పటికీ.

తిరిగొచ్చాక మస్తాన్‌వలి అడిగింది ఒకటే:
"ఎంత మిగిలింది?"
చెయ్యి వెడల్పున చూపించాను.
"పర్లా," అన్నాడు, "రెండు పగళ్లకి."
పెట్టెని గోడకి బోర్లించాడు.
ఊక పొట్టు రెండు మూడు పలుకులు
ఇంకా అంటుకునే ఉన్నాయి.

నిన్న వంటింట్లో
ఫ్రిజ్ తలుపు తీసి
ఏం కావాలో మరిచిపోయి నిలబడ్డాను.
లోపలి దీపం వెలుగుతా ఉంది,
చలి నా కాళ్ల మీద పడి పోతా ఉంది.
గబుక్కున మూసేశాను.